నీళ్లు తాగని ఆటపిల్లలు

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పత్రికలో ఎండాకాలం ఆటలాడే పిల్లలకు ఏం తాగించాలో రాసిన వ్యాసం చదివాను. పుచ్చకాయ రసం, కీరా పుదీనా నీళ్లు, నానబెట్టిన సబ్జా గింజలు, పక్కన రంగుల ఫొటోలు. బాగుంది, తప్పు పట్టడానికేం లేదు. కాకపోతే ఆ వ్యాసం వంటింట్లో మొదలై వంటింట్లోనే అయిపోయింది. పిల్లలకు దాహమేసేది మైదానంలో. అక్కడి సంగతి నాలుగు మాటలు రాద్దామని కూచున్నాను. నాలుగంటే నాలుగే ఉండవు. డ్రిల్లు మాస్టరు చేతికి విజిల్ ఇస్తే ఒక్కసారి ఊది ఊరుకోడు. పొడుగైతే కత్తెర మీ దగ్గరే ఉంది.

మాది చెన్నై కొరుక్కుపేట. తెలుగు మీడియం బడిలో ముప్ఫై ఒక్క ఏళ్లు డ్రిల్లు మాస్టరుగా చేసి ఆరేళ్ల కిందట రిటైరయ్యాను. ఇప్పుడు సాయంత్రాలు మా పేట మైదానంలో ఆడపిల్లలకు కబడ్డీ నేర్పిస్తున్నాను. పద్నాలుగు మంది. పన్నెండు నుంచి పదహారేళ్ల లోపు వాళ్లు. ఇంట్లో తెలుగు, బళ్లో తమిళం, పోట్లాటొస్తే రెండూ. నన్ను మాస్టర్ అంటారు, మా ఆవిడను అక్కా అంటారు. ఆవిడకు అరవై రెండు. ఇదేం న్యాయమో నాకింతవరకు అర్థం కాలేదు.

ఫిబ్రవరిలో ఒక టోర్నమెంటుకు పోయాం. ఎక్కడ, ఎవరు నడిపారు అనేది రాయను, వాళ్లతో నాకు తగాదా లేదు. ఆడపిల్లల కబడ్డీ అంటే పదిహేను, పదిహేను నిమిషాల రెండు సగాలే. కానీ పొద్దున తొమ్మిదికి మొదలుపెట్టి ఒకే రోజు మూడు నాలుగు మ్యాచ్‌లు ఆడిస్తారు. మూడో మ్యాచ్ రెండో సగంలో మా రైడర్ పిల్ల, అంటే కూతకెళ్లే పిల్ల, అదనపు పాయింటిచ్చే బోనస్ లైన్ కోసం కాలు చాపింది. చాపిన కాలు వెనక్కి రాలేదు. పిక్క పట్టేసింది. పక్కకు మోసుకొచ్చి చేత్తో తడిమితే కండ రాయిలా ఉంది. పెదాల మీద తెల్లటి పొర. నల్ల నిక్కరు మీద చెమట ఆరి ఉప్పు గీతలు కట్టింది, సముద్రం వెనక్కి పోయాక ఇసుక మీద మిగిలే గీతల్లాగా.

నీళ్లివ్వమని ఆ పిల్ల సంచి తెరిస్తే రెండు సీసాలున్నాయి. ఒకటి నీలం రంగు స్పోర్ట్స్ డ్రింకు, సగం ఖాళీ. రెండోది ఇంటినుంచి తెచ్చుకున్న స్టీలు సీసా, గొంతుదాకా నిండుగా.

"పొద్దుట్నుంచి నీళ్లే తాగలేదా?"

"ఇది తాగాను మాస్టర్" అని నీలం సీసా చూపించింది.

"అది సరే. నీళ్లు?"

తల దించుకుంది. నేనేదో నాలుగు కేకలేసి ఊరుకున్నాను. రాత్రి బస్సులో మా ఆవిడ దగ్గర అసలు మాట బయటపడింది. అక్కడ ఆడపిల్లలు పోవడానికున్న మరుగుదొడ్డి ఒక్కటి, దానికి తాళం. తాళంచెవి ఎవరి దగ్గరుందో అడగడానికి సిగ్గు. నీళ్లు తాగితే ఒంటికి వెళ్లాల్సొస్తుందని, ఇంటినుంచి బయల్దేరిన దగ్గర్నుంచి పద్నాలుగు మందీ గుక్కలు లెక్కపెట్టుకుంటూ తాగుతున్నారు. నీలం సీసా అయితే రెండు గుక్కలకే ఒంట్లోకి బలమొస్తుంది, నీళ్లతో పనిలేదని వాళ్ల నమ్మకం. టీవీలో చూపించేది అలాగే కదా. చెమటలు కారుతున్న ఆటగాడు ఒక్క గుక్క వేస్తాడు, వెంటనే లేచి పరుగెత్తుతాడు.

అంతా కలిపితే ముప్ఫై ఏడేళ్లు విజిల్ ఊదాను. పిల్లలు నీళ్లు ఎందుకు తాగరో నాకా రాత్రిదాకా తెలియదు. మనసు విప్పి చెబుతున్నాను, ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఆ రంగుసీసాల పుట్టుక గురించి అప్పుడెప్పుడో డ్రిల్లు మాస్టర్ల ట్రైనింగులో విన్నది గుర్తొచ్చింది. 1965లో అమెరికాలో ఫ్లోరిడా విశ్వవిద్యాలయం ఫుట్‌బాల్ కోచ్ ఒకాయన రాబర్ట్ కేడ్ అనే కిడ్నీ డాక్టరును ఒక ప్రశ్న అడిగాడు. మా కుర్రాళ్లు ఆట జరిగినంతసేపూ ఒంటికి వెళ్లరేంటి అని. కేడ్ మనుషులు వాళ్ల చెమట పట్టి పరీక్ష చేస్తే, తాగిన నీరంతా చర్మంలోంచే పోతోంది, మూత్రానికి మిగలడం లేదు. పోతున్నది నీరొక్కటే కాదు, ఉప్పు కూడా. సరేనని నీళ్లలో ఉప్పు, చక్కెర కలిపి తాగించారు. నోట పెట్టలేకపోయారట. డాక్టరుగారి భార్య నిమ్మరసం పిండమని సలహా ఇచ్చిందంటారు. మన ఇళ్లలో ఏ అమ్మమ్మనడిగినా మొదటిరోజే చెప్పేది, అది వేరే సంగతి. ఆ జట్టు పేరు గేటర్స్ కాబట్టి ఆ నీళ్లకు గేటరేడ్ అని పేరొచ్చింది. ఇవాళ అంగళ్లలో వేలాడే రంగుసీసాలన్నిటికీ మూలపురుషుడు అదే.

అక్కడి కుర్రాళ్లు ఒంటికి వెళ్లకపోవడానికి కారణం చెమట. మా పిల్లలు వెళ్లకపోవడానికి కారణం తాళం. మందు మాత్రం ఇద్దరికీ ఒకటే అమ్ముతున్నారు.

మర్నాడు ఆ నీలం సీసా మైదానానికి తెప్పించి పిల్లల్ని చుట్టూ కూచోబెట్టాను. వెనకవైపు అట్ట చదవమన్నాను. అక్షరాలు చీమల బారులా ఉన్నాయి, నా కళ్లద్దాలకు అందలేదు. ఒక పిల్ల ఫోనులో ఫొటో తీసి, పెద్దది చేసి చదివింది.

"వంద మిల్లీలీటర్లకు చక్కెర ఆరు గ్రాములు మాస్టర్. ఆరే!"

సీసా ఎంత? ఐదు వందలు. లెక్కల్లో మొద్దు అని బళ్లో పేరు పడ్డ పిల్లే ముందు చెప్పింది, ముప్ఫై అని. చెంచాకు సుమారు నాలుగు గ్రాములు. మా ఆవిడ చక్కెర డబ్బా తెచ్చి, ఏడున్నర చెంచాలు కొలిచి పేపరు మీద కుప్ప పోసింది. మీ పత్రిక మీదే పోసింది, ఏమనుకోకండి, ఇంట్లో వచ్చేది అదే. కుప్పను అందరూ వంగి చూశారు. "మా ఇంట్లో నలుగురికి రెండు పూటలా కాఫీకి ఇంతే పోస్తుంది అమ్మ" అంది ఒక పిల్ల. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పినదాని ప్రకారం పైనుంచి కలిపే చక్కెర రోజుకు 50 గ్రాములు దాటకూడదు, 25లోపు ఉంటే ఇంకా మంచిది. ఒక్క సీసాతో ఆ 25 దాటిపోయింది. ఇంకా ఇంటికెళ్లి కాఫీ తాగాలి, బిస్కెట్లు తినాలి, ఎవరిదో పుట్టినరోజు ఉండనే ఉంటుంది.

2025 మేలో సీబీఎస్ఈ వాళ్లు బడుల్లో చక్కెర బోర్డులు పెట్టమన్నారు, దేంట్లో చక్కెర ఎంతుందో పిల్లలకు తెలిసేలా. మా పిల్లలవి సీబీఎస్ఈ బడులు కావు, మైదానానికి బోర్డు లేదు. అందుకని ప్రహరీగోడ మీద సుద్దముక్కతో మేమే రాశాం. ఎవరో వచ్చి దానిమీద పార్టీ పోస్టరు అంటించారు. మళ్లీ రాశాం.

అలాగని ఆ సీసా విషమని నేననను. విషమంటే పిల్లలు నవ్విపోతారు, వాళ్లు తాగి చూశారు కదా, ఏమీ కాలేదు. అందులో చక్కెర ఊరికే పోయలేదు. పేగు గోడ దాటి ఉప్పు ఒంట్లోకి పోవాలంటే తోడుగా గ్లూకోజు ఉంటే సులువు. ఉప్పు మూటను గోడ దాటించే కూలీ అన్నమాట. 1971 బంగ్లాదేశ్ యుద్ధమప్పుడు బనగావ్ శరణార్థి శిబిరంలో కలరా ప్రబలితే, సెలైన్ సీసాలు అయిపోతే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, వంటసోడా, గ్లూకోజు కలిపిన నీళ్లను కుళాయి బిగించిన డ్రమ్ముల్లో పోయించి వేలమందిని కాపాడింది ఈ సూత్రంతోనే. ఈరోజు మనం విరేచనాలకు వాడే ఓఆర్ఎస్ పొట్లంలో లీటరుకు గ్లూకోజు 13.5 గ్రాములు. అదే లీటరు నీలం నీళ్లలో చక్కెర 60. కూలీ ఒక్కడు చాలినచోట నలుగుర్ని పిలిచి, పని లేక వాళ్లు ఇంట్లోనే మకాం పెట్టినట్టు.

గంటన్నర, రెండు గంటలు ఆగకుండా పరుగెత్తే మనిషికి అలా మకాం పెట్టిన చక్కెర కూడా పనికొస్తుంది. మెరీనా ఒడ్డున మారథాన్ పరుగెత్తేవాళ్లు తాగారంటే నేనేమీ అనను. అరగంట కబడ్డీ ఆడి, గంట సేపు చెట్టుకింద కూచుని, మళ్లీ అరగంట ఆడే పద్నాలుగేళ్ల పిల్లకు దాంతో పనిలేదు. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘమే 2011లో తేల్చి చెప్పింది, మామూలుగా ఆటలాడే పిల్లలకు నీళ్లు చాలని. పళ్ల సంగతి వేరే ఉంది. ఈ నీళ్లన్నీ పులుపే. రోజంతా గుక్క గుక్కగా చప్పరిస్తుంటే పంటిమీది పింగాణీ కరుగుతుంది. మా పిల్లలు చేస్తున్నది సరిగ్గా అదే, ఒంటికి వెళ్లాల్సిన పని పడకూడదని ఒక్కో గుక్క నోట్లో దాచుకుంటూ పొద్దుపోయేదాకా చప్పరించడం.

దీనికంటే నాకు భయం వేరేదాని మీద ఉంది. మా మైదానం పక్కన మగపిల్లలు ఫుట్‌బాల్ ఆడతారు. ఉత్తర చెన్నైలో ఫుట్‌బాల్ అంటే ప్రాణం, మీకు తెలుసు. వాళ్లు ఆటకు ముందు కొట్లో ఇరవై రూపాయల చిన్న ప్లాస్టిక్ సీసా కొని ఒక్క పట్టున దించేస్తారు. అది స్పోర్ట్స్ డ్రింకు కాదు, ఎనర్జీ డ్రింకు. రెండూ ఒకటేననుకుంటున్నారు పిల్లలు. పెద్దవాళ్లూ అంతే. దాంట్లో ఉన్నది కెఫీన్, కాఫీలో ఉండే ఉత్ప్రేరకం. మన దేశం రూలు ప్రకారమే లీటరుకు 145 నుంచి 300 మిల్లీగ్రాముల దాకా ఉండొచ్చు, పిల్లలకు తగదని సీసా మీద రాయాలి కూడా. రాస్తున్నారు, ఆ చీమల బారులోనే ఎక్కడో. ఎండలో గుండె ముందే దడదడలాడుతుంటే దానికి ఇంకో కొరడా దెబ్బ. ఆ కొట్టాయన్ని అడిగితే "నేనమ్మకపోతే పక్కకొట్లో కొంటారు మాస్టర్" అన్నాడు. అబద్ధమేం కాదు.

ఇంకోటి. మీ పాఠకులకు గుర్తుండే ఉంటుంది, పండ్లరసాల్లాంటి తీపినీళ్ల డబ్బాల మీద ఓఆర్ఎస్ అనే మూడక్షరాలు పెట్టుకుని మందుల కొట్లలోనే అమ్మేవాళ్లు. హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి దానిమీద పోరాడితే, 2025 అక్టోబరులో ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరు వాడొద్దని ఆర్డరిచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పాళ్లు లేకుండా ఆ అక్షరాలు పెట్టుకోకూడదు. మన తెలుగావిడ సాధించింది కాబట్టి ఇక్కడ మద్రాసులో కూచుని నేను కాస్త గర్వపడ్డాను. పడొచ్చు కదా.

సరే, ఇంతకీ మా పిల్లలు ఇప్పుడేం తాగుతున్నారంటే చెబుతాను.

ముందు తూకం. వీధి చివర పాతపేపర్ల కొట్టాయన కాటా అడిగి తెచ్చాను. పాత ఇనుము, అట్టపెట్టెలు తూచే కాటా మీద పిల్లల్ని నిలబెడితే చుట్టుపక్కల ఇళ్లవాళ్లంతా బయటికొచ్చి చూశారు. "కిలో ఎంతకు పోతోంది మాస్టర్?" అని ఒకాయన. ప్రాక్టీసుకు ముందొకసారి, గంటన్నర అయ్యాక చెమట తుడుచుకుని ఇంకోసారి. ఎవరికీ ఐదువందల గ్రాములకు తక్కువ పోలేదు. పిక్క పట్టేసిన పిల్లకు కిలో పైన. ఆ పిల్ల బరువు నలభై ఆరు కిలోలు. ఒంటి బరువులో నూటికి రెండు వంతుల నీరు పోతే ఆట మందగిస్తుందని మాకు నేర్పించారు. అంటే మా రైడర్ చివరి అరగంట ఎప్పుడూ నీరసంగానే ఆడుతోంది. నేనేమో మూడేళ్లుగా దానికి స్టామినా లేదని పొద్దున్నే రెండు రౌండ్లు అదనంగా పరుగెత్తిస్తున్నాను.

కాటా మీద నిలబెట్టాక పిల్లలకు ఉపన్యాసం అక్కర్లేకపోయింది. ఎనిమిది వందల గ్రాములు పోయాయంటే ఎనిమిది వందల మిల్లీలీటర్ల నీళ్లు. అంతా ఒకేసారి పోసుకోకుండా కొంత ఆటలో, కొంత తర్వాత. ఇంకో కొలత ఉంది, ఒంటికి వెళ్లినప్పుడు రంగు చూసుకోవడం. ముదురు పసుపైతే నీళ్లు చాలలేదని. అది నేను చెప్పలేను, మా ఆవిడ చెప్పింది. పది నిమిషాలు నన్ను గోడవతలికి పొమ్మంది. నవ్వులు మాత్రం వినిపించాయి.

ఇక తాగేది. మా నాయన బిన్నీ మిల్లులో పనిచేసేవాడు. 1996లో మూసేసిన ఆ మిల్లే. మగ్గాల షెడ్డులో ఎండాకాలం నిలబడ్డ మనిషి ఎంత చెమట కారుస్తాడో ఏ కాటా తూచలేదు. మా అమ్మ పొద్దున్నే తూక్కులో, అంటే పిడి ఉన్న క్యారేజీ గిన్నెలో, చద్దన్నం మీద నీళ్లమజ్జిగ పోసి, రాళ్ల ఉప్పేసి, ఒక ఉల్లిపాయ చితక్కొట్టి పంపేది. పెద్దమ్మ ఇంట్లో అయితే తరవాణి కుండ ఉండేది, గంజి నీళ్లు పులిసి ఘాటుగా. చిన్నప్పుడు దాని వాసనకే పారిపోయేవాణ్ని. నీరు, ఉప్పు, కాస్త పిండి. కేడ్ గారు పరీక్షనాళికలో కలిపింది మా పెద్దమ్మ కుండలోనూ ఉందని అరవై దాటాక గ్రహించాను. వాసన సంగతి మాత్రం మార్చుకోలేదు.

తరవాణి ఈ కాలం పిల్లలు తాగరు, నేనూ తాగను. మజ్జిగ తాగుతారు. మా ఆవిడ రెండు అరలీటరు ఆవిన్ పాల ప్యాకెట్లు రాత్రి తోడేస్తుంది. సాయంత్రానికి చిలికి, నాలుగింతలు నీళ్లు పోసి ఐదు లీటర్లు చేస్తుంది. ఉప్పు లీటరుకు పావు చెంచా. అంతకంటే వద్దు, ఆటపిల్లలకు ఉప్పు మంచిదని గుప్పెడు పోస్తే దాహం ఇంకా పెరుగుతుంది. మొదటి వారం ఆవిడ ఇంటి పద్ధతిలో అల్లం, పచ్చిమిర్చి, ఇంగువ, కరివేపాకు దంచి కలిపింది. ఒక పిల్ల రైడుకు పోతూ "కబడ్డీ కబడ్డీ" అనలేక దగ్గింది, పచ్చిమిర్చి గింజ గొంతుకడ్డం పడి. పాయింటు పోయింది. అప్పట్నుంచి కరివేపాకు, కాస్త అల్లం మాత్రమే, అదీ వడగట్టి. ఐసు వెయ్యం, ఏ నీళ్లతో చేసిన ఐసో మనకు తెలియదు. ఎండాకాలం రోడ్డు పక్కన అమ్ముతారు చూడండి, కుళాయి బిగించిన మట్టికుండ, దాంట్లో పోస్తాం. కుండ చుట్టూ తడిగుడ్డ. నీళ్లు కాచి చల్లార్చినవి. మొత్తం ఖర్చు యాభై రూపాయల లోపు. నీలం సీసా ఒక్కటి యాభై.

ఒక పిల్లకు పాలు, మజ్జిగ పడవు. ఆ పిల్లకు నిమ్మకాయ నీళ్లు. లీటరుకు రెండు కాయలు, పావు చెంచా ఉప్పు, ఐదు చెంచాల చక్కెర. సీసాలో ఉన్నదాంట్లో మూడోవంతు తీపి. ఇక్కడ బెల్లం భక్తులు నాతో తగువేసుకుంటారు, చక్కెరెందుకు బెల్లం వేయండని. వేసుకోండి, రుచి బాగుంటుంది. శ్రీరామనవమి పానకం నాకూ ఇష్టమే, మిరియం, శొంఠి, యాలకులు పడితే. కానీ బెల్లం కూడా చక్కెరేనండీ. బెల్లం కాబట్టి ఎంత తాగినా పరవాలేదనుకుంటే కాటా నవ్వుతుంది.

ఎలనీరు, అంటే కొబ్బరిబోండం నీళ్లు, వాటి గురించి కూడా ఒక మాట. ఇక్కడ మైదానాల బయట బండి కనిపిస్తే చాలు, అమ్మానాన్నలు బిడ్డకు కాయ కొట్టిస్తారు. మంచిదే. తీపి తక్కువ, పొటాషియం బాగా ఉంటుంది. చెమటలో ఎక్కువ పోయేది సోడియం, అంటే ఉప్పు. ఎలనీటిలో అది తక్కువ. అందుకని పక్కన నాలుగు ఉప్పుశనగలో, ఉప్పేసిన జామకాయ ముక్కో తింటే లెక్క సరిపోతుంది. కాయ అరవై రూపాయలు, పద్నాలుగు మందికి రోజూ నావల్ల కాదు. గెలిచిన రోజు మాత్రం కొట్టిస్తాను. ఆకలికైతే అరటిపండు, కంబుకూళు. బండిమీద అల్యూమినియం గిన్నెలో పోసి, చల్లమిరపకాయ నంజుకోమని ఇస్తాడు చూడండి, మన సజ్జ అంబలే అది. ఆటకు గంటన్నర ముందు తాగాలి. తాగి వెంటనే దిగితే కడుపులో కుండ కదిలినట్టుంటుంది, అనుభవించి చెబుతున్నాను.

బరువు సంగతి ఒకటి మరిచాను. సబ్ జూనియర్ కబడ్డీకి, అంటే చిన్నవయసు పిల్లల విభాగానికి, 55 కిలోలు దాటకూడదు. అంచున ఉన్న పిల్లలు తూకానికి ముందు రోజు నుంచే నీళ్లు మానేస్తారు, కొందరు ఉమ్మి ఉమ్మి బరువు తగ్గించుకుంటారు. కాటా దిగగానే దబదబా రంగుసీసా. తోటి మాస్టర్లు కొందరు ఇది నేర్పిస్తారు కూడా. వాళ్లెవరో వాళ్లకు తెలుసు. 56 కిలోల పిల్లను నీళ్లు మాన్పించి 55 చేసే బదులు వచ్చే ఏడాది జూనియర్స్‌లో ఆడించొచ్చు. కప్పు ఒక్క ఏడాది ఆలస్యమైతే కొంప మునగదు.

ఇంత చేసినా మొదటి పది రోజులు మజ్జిగ సగం మిగిలిపోయింది. ఎందుకో చెప్పక్కర్లేదు. మా మైదానంలోనూ మరుగుదొడ్డి ఉంది, దానికీ తాళం ఉంది. తాళంచెవి కోసం నేను తిరిగిన గదులు, విన్న జవాబులు రాయబోతే మీ కత్తెరకు నిజంగానే పని పడుతుంది. కుండ మార్చాం, రుచి మార్చాం, లెక్కలు చెప్పాం. తలుపు తెరుచుకోనిదే గొంతు తెరుచుకోదని ఆలస్యంగా తెలిసింది.

చివరికి మైదానం ఎదురుగా ఇడ్లీలు అమ్మే ఆవిడ తన ఇంటి వెనక దొడ్డి వాడుకోమంది. మా ఆవిడే వెళ్లి అడిగింది. ఆవిడ ఒకటే షరతు పెట్టింది, మట్టికాళ్లతో వంటింట్లోంచి పోకూడదని. సందులోంచి దారి. ఇప్పుడు సాయంత్రం ఐదున్నరకొకసారి, ఆరుంబావుకొకసారి విజిల్ ఊదుతాను. ఎందుకు ఊదానో ఎవరూ ఎవర్నీ అడగరు. కావలసినవాళ్లు ఇద్దరిద్దరుగా వెళ్లొస్తారు, మిగతావాళ్లు కుండ దగ్గర.

సంపాదకులు గారూ, మీ పత్రిక పదిమంది చేతుల్లో పడుతుంది కాబట్టి రెండు విన్నపాలు. ఏప్రిల్ వచ్చిందంటే ఈ ఊళ్లో ప్రతి కూడలిలో పార్టీలవాళ్లు నీర్ మోర్ పందళ్లు, అంటే మజ్జిగ చలివేంద్రాలు, వేస్తారు. మిట్టమధ్యాహ్నం, ఫొటోలతో, పూలదండలతో. పుణ్యమే. అందులో ఒక్క పందిరి సాయంత్రం నాలుగున్నరకు మైదానం గేటు దగ్గర వేయించండి, వాళ్ల జెండాయే కట్టుకోనివ్వండి, మాకభ్యంతరం లేదు. రెండోది, ఇకమీద పిల్లల టోర్నమెంటు ఎక్కడ జరిగినా వార్త రాసే మీ విలేకరి గెలిచిందెవరో రాసే ముందు ఆడపిల్లల మరుగుదొడ్డి తలుపు ఒకసారి తోసి చూసి రమ్మనండి. తెరుచుకుందా లేదా, ఒక్క వాక్యం వార్తలో పడితే చాలు. స్పాన్సరు బ్యానరు ఫొటో వేసే చోట ఆ వాక్యానికి జాగా దొరక్కపోదు.

నా పేరు వేయకండి. వేస్తే పిల్లలెవరో తెలిసిపోతుంది, ఈ మాటలన్నీ వాళ్లు మా ఆవిడను నమ్మి చెప్పుకున్నవి.

నిన్న ఐదు లీటర్ల కుండ ఆరుంబావుకే అడుగంటింది. ఆలస్యంగా వచ్చిన ఇద్దరు పిల్లలు కుళాయి కింద గ్లాసు పెట్టి, కుండను వంచి, నాతో గొడవ. రేపట్నుంచి మూడో ప్యాకెట్టు కూడా తోడెయ్యాలంటోంది మా ఆవిడ.

ఇట్లు,
ఒక డ్రిల్లు మాస్టరు,
కొరుక్కుపేట, చెన్నై